వంటింట్లో గుర్తు తెలియని జంతువు

“ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా, ఆ అటక కాస్త దులుపు” అన్నాడు భర్త, బూట్ల లేసులు కట్టుకుంటూ. “సరే” అంది ఆమె. ఆ మాట అతను గుమ్మం దాటకముందు అన్నా, దాటాక అన్నా ఒకటే, వినిపించుకునే అలవాటు అతనికి లేదు. అయితే అటక దులపడానికి ఆమెకూ ఒక కారణం ఉంది. ఇంట్లో ఏదో జంతువు దూరింది. కంటికి కనిపించడం లేదు గానీ, పెట్టెలకు వినిపిస్తోంది.

పెట్టెలంటే ఆమె తన చేతులతో చేసినవే. అడవిలో చెట్టుకు కట్టి వదిలేస్తే చుట్టుపక్కల చప్పుళ్లన్నీ రికార్డు చేసుకుంటాయి. ఒకప్పుడు ఆమె పంపుల ఫ్యాక్టరీలో ఇంజినీరు. తిరిగే మోటారు చప్పుడు విని ఏ బేరింగు అరిగిందో చెప్పేసేది. మీటింగుల్లో మాత్రం మేనేజరు గదంతా కలయజూసి, ఉన్న ఒక్క ఆడమనిషిని పట్టుకుని, “మేడమ్, అందరికీ టీ చెప్పండి” అనేవాడు. అత్తగారు తుంటి ఎముక విరిగి మంచాన పడ్డప్పుడు, “ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా” అన్నాడు భర్త. ఆ ఎవరో ఒకరు ఎవరో వేరే చెప్పాలా? అత్తగారు లేచి తిరగడం మొదలుపెట్టి ఏళ్లయింది. ఆ ఎవరో ఒకరు మాత్రం వంటింట్లోనే ఉండిపోయింది.

గుడ్లగూబల మీద పరిశోధన చేసే స్నేహితురాలు ఒకరోజు పాడైన రికార్డరు తెచ్చి బాగుచెయ్యమంది. ఆమె బాగుచేసి ఊరుకోలేదు, అంతకన్నా మంచివి తయారుచేసింది. ఏ కూత ఏ జంతువుదో చెప్పే ప్రోగ్రాం రాసింది. చప్పుళ్లు తెర మీద నల్లటి గీతలుగా, మరకలుగా పాకుతుంటే చూస్తూ ఉండలేక, వాటిని బొగ్గుతో కాగితం మీద గీయడం మొదలుపెట్టింది. “పిచ్చిగీతలు” అన్నారు అత్తగారు. “పనీపాటా లేకపోతే ఇంతే” అన్నాడు భర్త, ఆమె ఉతికిన చొక్కా తొడుక్కుంటూ. స్నేహితురాలు మాత్రం, “ఈ సీజనంతా అడవిలో మా కేంద్రానికి వచ్చెయ్యవే. పెట్టెలు చూసుకో, బొమ్మలు గియ్యి, జీతమిస్తారు. ఈ వారంలో చెప్పకపోతే ఇంకొకర్ని తీసుకుంటారు” అంది. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

అడవికి పంపేముందు ప్రతి పెట్టెనూ పొయ్యి గట్టు మీద డబ్బాల మధ్య ఒక రోజు ఉంచడం ఆమె పద్ధతి. ఆవిరినీ, నూనె జిడ్డునూ, కుక్కరు కూతలనూ తట్టుకుంటే అడవినీ తట్టుకుంటుందని ఆమె నమ్మకం. వంటింటిని తట్టుకున్నది దేన్నైనా తట్టుకుంటుంది మరి. దారినపోయేవాళ్ల కబుర్లు రికార్డులో ఉండకూడదని కేంద్రం నియమం కాబట్టి, మనుషుల గొంతులను ప్రోగ్రాం తనంతట తానే చెరిపేస్తుంది. మాటలైతే ఎవరివైనా పట్టేస్తుంది. దగ్గులు, గురకలు, మూలుగులు మాత్రం ఒక్కొక్కటీ నేర్పాలి. భర్త గురక, అత్తగారి మూలుగు, పక్కింటాయన దగ్గు, అన్నీ ఆమె మైకు పట్టుకుని పోగుచేసి నేర్పింది.

అవన్నీ చెరిపేశాక మిగలాల్సింది గిన్నెల చప్పుడూ ఫ్రిజ్ రొదా. కానీ ఇంకొకటి మిగిలింది. లోతుగా, గరగరమంటూ, బిగబట్టిన ఊపిరి ఎక్కడో ఒరుసుకుంటున్నట్టు. ‘గుర్తు తెలియని జంతువు’ అంది తెర. పెట్టె మార్చినా అదే. ఆమెను భయపెట్టింది చప్పుడు కాదు, అది వచ్చే వేళ. మనిషి గొంతు చెరిగిన చోట ఒక ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ అయిపోగానే అది పలుకుతోంది. ఎవరైనా మాట్లాడేదాకా పొంచి ఉండి, వాళ్లు ఆపగానే బదులు చెబుతున్నట్టు.

స్నేహితురాలికి ఫోన్లో వినిపించింది. “ఇది ఆకలి కూత కాదే. జత కోసం పిలుపూ కాదు. బోనులో చాలాకాలం ఉన్నవి ఇలా చేస్తాయి. ఎక్కడ రికార్డు చేశావు?”

“మా వంటింట్లో.”

“ఇంకోసారి వినిపించు” అంది స్నేహితురాలు.

ఆమె అటక దులిపింది, ఫ్రిజ్ జరిపింది, సింకు కింద టార్చి వేసి చూసింది. ఎలుకల బోను పెడితే అందులో రొట్టె ముక్క ఎండి రాయైంది. “దొరికితే చంపకు, పాపం” అన్నారు అత్తగారు. “దూరంగా వదిలి రా. దగ్గర్లో వదిలావో, దారి గుర్తుపట్టి మళ్లీ ఇంటికే వస్తుంది.”

ఆదివారం పొద్దున పెట్టెకు హెడ్‌ఫోన్లు తగిలించి, చెవులకు పెట్టుకుని కూరలు తరుగుతోంది. గుమ్మంలోకి భర్త వచ్చాడు. పెదవులు కదులుతున్నాయి, పెట్టెలోని ప్రోగ్రాం అతని గొంతును చెరిపేస్తోంది. అయినా ఏమంటున్నాడో ఆమెకు తెలుసు. టీ ఏదీ, పొద్దున్నుంచీ ఏం చేస్తున్నట్టు. పెదవులు ఆగాయి. వెంటనే చెవి పక్కనే, ఎవరో భుజం మీద గడ్డం ఆనించినంత దగ్గరగా, గరగర.

చటుక్కున వెనక్కి తిరిగింది. గోడ తప్ప ఏమీ లేదు. అతను మళ్లీ ఏదో అని వెళ్లిపోయాడు. మళ్లీ గరగర. ఈసారి ఆమె చెయ్యి తనంతట తానే మెడ మీదికి పోయింది. పెదవులు మూసే ఉన్నాయి. పళ్లు బిగుసుకుని ఉన్నాయి. వేళ్ల కింద గొంతు వణుకుతోంది.

మైకు పట్టుకున్న మనిషి మైకు ముందు ఉండదు. ఇంటిల్లిపాది మూలుగులూ పోగుచేసిన ఆమె, తనదొకటి ఉంటుందని అనుకోనేలేదు. ఎన్నేళ్లుగా మూలుగుతోందో ఆమెకే తెలియదు. ముందు సిగ్గేసింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ తర్వాత ఒళ్లు మండింది. సరిచెయ్యడం ఎంతసేపు? ఆ చప్పుడు కూడా మనిషిదేనని నేర్పితే చాలు. నేర్పిన మరుక్షణం అదీ చెరిగిపోతుంది. మీట మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. ఈ ఇంట్లో మనిషిగా చెరిగిపోతూ ఉండటం కన్నా జంతువుగా మిగలడమే నయమనిపించింది. వేలు తీసేసి, పెద్ద కాగితం పరిచి, ఆ చప్పుడును బొగ్గుతో గీసింది. కాగితం అంచులు దాటి నేల మీద కూడా గీసింది. చెయ్యి కడుక్కోకుండానే స్నేహితురాలికి ఫోన్ చేసి, “వస్తున్నా” అంది.

మర్నాడు పొద్దున ఆమె సంచీతో హాల్లోకి వచ్చేసరికి భర్త పేపరు దించాడు. “ఎక్కడికి? వంటెవరు చేస్తారు?”

“ఆ జంతువు దొరికింది. అడవిలో వదలాలి.”

“ఏదీ?” అని సంచీలోకి తొంగిచూశాడు.

ఆమె సంచీ కింద పెట్టింది. పెదవులు మూసుకుని, మొదటిసారి తెలిసి తెలిసి గొంతు వదిలింది. ఆ గరగర హాలంతా నిండింది. అద్దాల బీరువాలో గ్లాసులు సన్నగా మోగాయి. భర్త అడుగు వెనక్కి వేశాడు, గోడ తగిలేదాకా వేశాడు.

అత్తగారు మాత్రం బెదరలేదు. కుంటుకుంటూ వెళ్లి వీధి తలుపు గడియ తీశారు.

“బాగా దూరంగా వదులమ్మా” అన్నారు గొంతు తగ్గించి. “నాది దగ్గర్లోనే వదిలాను. తిరిగి ఇంటికే వచ్చేసింది.”