వాసన లేని తడి

అత్తయ్య దుప్పటికి వాసన లేదు. మొదటి రోజు బకెట్లో నానబెడుతున్నప్పుడే ఆ సంగతి నాకు తెలిసింది. ఇప్పుడు హాస్టళ్లలో ఉన్న ఇద్దరు పిల్లల పక్కగుడ్డలు ఏళ్ల తరబడి ఉతికిన చేతులివి. ఏ తడి ఎలాంటిదో వీటికి ఎవరూ చెప్పక్కర్లేదు. అదే మాట ఆ పూటే మా ఆయనతో అన్నాను. అద్దం ముందు గడ్డం గీసుకుంటూ, "డెబ్భై దాటాక అందరికీ వచ్చేదే. నువ్వేమైనా డాక్టరువా?" అన్నాడు. కాదు. కానీ ఏ డాక్టరూ ఆ దుప్పటి ఉతకలేదు. ఆ మాట పైకి అనకుండా టీ పెట్టడానికి వెళ్లాను.

అప్పటి నుంచి రోజూ అదే వరస. తెల్లారేసరికి అత్తయ్య పక్క గోడ వైపంతా తడిసి ఉండేది. పరుపు నిలబెట్టి బాల్కనీలోకి ఈడ్చడం, దుప్పటీ, దాని కింద గుడ్డా, ఆవిడ కట్టుబట్టలూ ఉతికి ఆరేయడం, సాయంత్రం పరుపు మళ్ళీ లోపలికి లాగి పక్క వేయడం. మధ్యలో ఉద్యోగం. నేను పనిచేసేది దుప్పట్లు, గలేబులు అమ్మే కొట్లో. పొద్దుట్నుంచీ ఊళ్లో వాళ్లందరికీ దుప్పట్లు విప్పి చూపించడం, వాళ్లు పెదవి విరిస్తే మళ్ళీ మడత పెట్టడం నా పని. నేను ఆలస్యంగా వచ్చినప్పుడల్లా ఓనరు, ఇంటి పనులు ఇంట్లో వదిలేసి రావాలమ్మా అనేవాడు. నేను ఇంట్లో వదిలేస్తే అవి అక్కడే ఉంటాయి, నా కోసం కాచుకుని ఉంటాయి తప్ప ఇంకెవరి దగ్గరికీ పోవు.

అత్తయ్యకీ నాకూ పొసగిందని మా చుట్టాల్లో ఎవరూ అనరు. ఆవిడ నిప్పులాంటి మనిషి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, ఆరేసిన దుప్పటిని తీగ మీద నుంచి లాగి, వెలుతురుకి పట్టి చూసి, ఈ మూల సబ్బు పోలేదమ్మాయ్ అని మళ్ళీ బకెట్లో పడేసేది. ఆ మాట వింటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. అలాంటి మనిషి మధ్యాహ్నం దాటాక మంచినీళ్లు ముట్టడం మానేసింది. మాత్ర కూడా సగం గుక్కతో మింగి, గొంతులో అడ్డంపడితే దగ్గేది తప్ప ఇంకో గుక్క తాగేది కాదు. పెదవులు పగిలి పొట్టు లేచాయి. ఒకరోజు నాకంటే ముందే లేచి, స్నానాల గదిలో పీట మీద కూర్చుని, మోకాళ్లు వంగకపోయినా దుప్పటి ఉతుకుతోంది. నన్ను చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వాడికి చెప్పకు. ఇవాళ కొంచెమే."

అది మీది కాదత్తయ్యా, వాసనే లేదు అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నాకు తెలీకుండానే పోతోందంటున్నాడుగా. తెలీకుండా పోయేది నాకెలా తెలుస్తుంది?"

తన ఒంటి సంగతి తనే చెప్పుకోలేకుండా చేశాడు ఆవిడని కొడుకు. నాకు కోపం వచ్చింది, అది ఎవరి మీద చూపించాలో తెలియక దుప్పటిని పిండి పిండి వదిలాను.

ఆ వారమే మా ఆయన పెద్దవాళ్లకి వేసే డైపర్ల ప్యాకెట్టు తెచ్చి, అందరం తింటుండగా బల్ల మీద పెట్టాడు. చస్తే వేసుకోనని అత్తయ్య దాన్ని తీసుకెళ్లి అలమరలో పడేసింది. చూశావా, మొండితనం కూడా మొదలైంది అన్నాడు. ఫోన్లో ఆడపడుచు, ముసలివాళ్లని చూసుకునే హోమ్ ఒకటి ఉంది వదినా, శుభ్రంగా ఉంటుంది, నీకూ చాకిరీ తప్పుతుంది అంది. పెళ్లయిన ఇన్నేళ్లకి నా చాకిరీ వాళ్ల కంట పడింది, అదీ ఆవిడని పంపించడానికి. అన్నాచెల్లెళ్లిద్దరూ మాట్లాడుకుని అంతా ఖాయం చేసేశారు. ఆఫీసు పని మీద ఊరెళ్తూ మా ఆయన గుమ్మంలో చెప్పాడు: "ఆదివారం పొద్దున నేను దిగగానే బయల్దేరాలి. కారు మాట్లాడాను. అమ్మ బట్టలు సర్ది ఉంచు."

ఆయన వెళ్లిన రోజు సాయంత్రం అత్తయ్య మంచం మీద ఎప్పటిలాగే ఉతికిన దుప్పటి పరిచి, మంచాన్ని గోడకి ఆనించి, గది తలుపు గొళ్లెం పెట్టాను. ఈ రాత్రికి నా పక్కన పడుకోండి అన్నాను. ఆవిడ హడలిపోయింది. నీ పరుపు పాడైపోతుంది, కింద ప్లాస్టిక్ గుడ్డయినా వెయ్యి అని బతిమాలింది. నేను వెయ్యలేదు. కర్రలా బిగుసుకుని, కదిలితే ఏమవుతుందో అన్నట్టు పడుకుంది. నేను కూడా నిద్రపోయానని చెప్పలేను. నా లెక్క తప్పితే ఆవిడ బట్టలు నేనే సర్దాలి.

తెల్లవారాక ఆవిడ కింద చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. లేచి వెళ్లి గొళ్లెం తీశాను. ఎవరూ పడుకోని మంచం మీద, గోడ వైపు, దుప్పటి తడిసి పరుపుకి అతుక్కుపోయి ఉంది. అత్తయ్యని పిలిచాను. ఆవిడ వచ్చి, ఆ తడిని వేళ్లతో తాకి, వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది.

"నేను కాదు" అంది. "నేను కాదమ్మాయ్."

ఆవిడ ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

మంచం ఇవతలికి లాగాను. గోడ చల్లగా తగులుతుందని మా ఆయన అక్కడ మంచం ఎత్తు నుంచి పైకి ప్లాస్టిక్ పలకలు కొట్టించాడు. వాటి కింది అంచు నుంచి నీళ్లు ఒక్కో బొట్టే జారుతున్నాయి. కత్తితో ఒక పలక ఊడబీకాను. వెనక సున్నం ముద్దగా కిందికి రాలింది, గోడంతా నల్లటి బూజు. రాత్రి అన్ని కుళాయిలూ కట్టేశాక గోడ లోపలి పైపులో నీటి ఒత్తిడి పెరుగుతుంది, అప్పుడు ఎక్కువ కారేది. పగలు పరుపు బాల్కనీలో ఉండేది కాబట్టి ఎవరి కంటా పడలేదు. ఆ గోడకి అవతలి వైపు మా ఆయన ఏడాది కిందట కట్టించిన స్నానాల గది. ఎవరొచ్చినా చెప్పులు విప్పక ముందే లైటు వేసి చూపించేవాడు. అన్నీ గోడ లోపలే, ఒక్క పైపు కూడా కనపడదు చూడండి అని మురిసిపోయేవాడు.

ఆయనకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఖాళీ మంచం తడవడమేమిటి, అత్తాకోడళ్లు కలిసి నాటకాలాడుతున్నారా అన్నాడు. నేను వచ్చేదాకా ఒక్క టైలు కూడా ముట్టుకోవద్దు, ఆ డిజైను మళ్ళీ దొరకదు, ఆదివారం ప్రయాణంలో మాత్రం మార్పు లేదు, గోడ సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. ఆ "తర్వాత" అంటే ఏమిటో నాకు తెలుసు. మనిషిని పంపించేశాక, గోడ తడిసినా ఆరినా ఆవిడ మీద పడిన మాట ఎవరు తుడుస్తారు? ఫోన్ పెట్టేసి, కొట్టుకి రావడం లేదని చెప్పి, ప్లంబర్‌ని పిలిచాను.

అతను గోడ తట్టి, చెవి ఆనించి, గీజర్ నుంచి వచ్చే పైపు లోపల ఎక్కడో కారుతోంది, టైల్స్ పగలగొట్టాలి అన్నాడు. కొట్టమన్నాను. ఉలి చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు.

"సార్‌తో ఒకసారి మాట్లాడించండి మేడమ్. తర్వాత నా మీదకి వస్తారు."

ఇల్లు ఊడ్చేది, తుడిచేది, ఈ టైళ్ల మధ్య మురికి బ్రష్షుతో గీకేది నేను. పగలగొట్టడానికి మాత్రం సారు కావాలి. సుత్తి ఇలా ఇవ్వు అని చెయ్యి చాచాను. అంతలో వెనక నుంచి అత్తయ్య గొంతు వినపడింది. గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ సారుకి నేను అమ్మని. కొట్టు నాయనా."

అతను నవ్వాపుకుని సుత్తి ఎత్తాడు. నాలుగు దెబ్బలకి టైలు పగిలింది, ఇంకాసేపటికి ఇటుక కనిపించింది. పైపు వంపు తిరిగే చోట జాయింటు చీలి, అందులోంచి సూదంత సన్నగా నీళ్లు చిమ్ముతున్నాయి. మెయిన్ వాల్వు కట్టేసి పాతది తీసి కొత్త జాయింటు వేశాడు. గోడ లోపల తడి ఆరడానికి నెల పట్టొచ్చని, అప్పటిదాకా కొంచెం కొంచెం ఊరుతూనే ఉంటుందని చెప్పి వెళ్లాడు.

ఆదివారం మా ఆయన దిగాడు. తల్లి దగ్గరికి కాదు, తిన్నగా స్నానాల గదిలోకి నడిచాడు. గోడలో కన్నం చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. సాసర్లో దాచిన చీలిన జాయింటు చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, నాకు ముందే ఒక మాట చెప్పాల్సింది అన్నాడు.

"చెప్పాను. మొదటి రోజే."

"అలా కాదు. గట్టిగా చెప్పాలి."

ఆయన పెద్ద మనసు చేసుకుని, సరే, అయిందేదో అయింది, కారు వద్దని చెప్తాలే అన్నాడు. అత్తయ్య కుర్చీలోంచి, అమ్మాయ్, మంచినీళ్లు అంది. పెద్ద గ్లాసుతో తెచ్చాను. కొడుకు కళ్లలోకి చూస్తూ గటగటా చివరి చుక్క దాకా తాగి, ఇంకో గ్లాసు అడిగింది. అదీ తాగాక మూతి తుడుచుకుని, నా దుప్పటి ఒక్కసారైనా ముట్టుకుని చూశావట్రా అని అడిగింది. ఆయన జాయింటు సాసర్లో పెట్టేసి, కారు వద్దని చెప్పడానికి ఫోన్ తీసుకుని బాల్కనీలోకి నడిచాడు.

రాత్రి భోజనాలయ్యాక ఆయన మా గదిలోకి వచ్చేసరికి అత్తయ్య నా మంచం మీద, ఆయన చోట, కాళ్లు చాపుకుని పడుకుని ఉంది. నేను గలేబు మారుస్తున్నాను. మరి నేనెక్కడ అన్నట్టు చూశాడు.

"గోడ ఆరేదాకా అత్తయ్య ఇక్కడే. మీ పక్క ఆ గదిలో వేశాను" అన్నాను. "పొద్దున తడిస్తే పరుపు బాల్కనీలో వేసి, దుప్పటి ఉతికి ఆరేసి ఆఫీసుకి వెళ్లండి."

ఆయన నా వైపు, తర్వాత తల్లి వైపు చూశాడు. ఆవిడైనా నన్ను మందలిస్తుందని కాబోలు. అత్తయ్య దుప్పటి గుండెల మీదికి లాక్కుంది.

"సబ్బు పోయేదాకా బాగా జాడించు" అంది కొడుకుతో. "నేను వెలుతురుకి పట్టి చూస్తాను."