నిలువు పందిరి

రోమన్ సామ్రాజ్యపు చిట్టచివరి సరిహద్దు కోట మోపిదేవికి ఆవల, కృష్ణ గట్టు మీద ఉండేది. నాలుగు వందల మంది సైనికులు రాత్రింబవళ్ళు కాపలా కాసేవారు.

సరే, నలుగురే. కోట కూడా తాటాకు తడకలదే. యాభై ఎనిమిదిలో గుడ్ ఫ్రైడే నాటకానికి చర్చివాళ్ళు కట్టారు. దళపతి వేషం సీమోనుది. కిరసనాయిలు డబ్బా రేకు కవచం, భుజాన పెడనలో అద్దకం చెడిపోయిన మామిడిపిందెల దుప్పటి.

ఆ తడకలూ వెదుళ్ళూ మాత్రం సీమోనువే. ఈస్టరు వెళ్ళిన గురువారం తన పెళ్ళిపందిరికని తెచ్చుకున్నాడు. "పందిరి లేని ఇంట పిల్లనివ్వను" అని గుడివాడ మామగారు జీవానందం మాస్టారు ముందే చెప్పేశారు.

నాటకం మూడు రోజులు ఆడింది. ఆ మూడు రోజుల్లో కోట గోడనానుకుని ఊరొకటి లేచింది. సంతోషమ్మ టీకొట్టు, పున్నయ్య క్షవరం కుర్చీ, గంగాదేవి గాజుల మలారం.

సోమవారం సీమోను గోడ విప్పబోయాడు.

"ఆగరా! గోడ పీకితే నా కొట్టు దేనికానుకోవాలి?" అంది సంతోషమ్మ.

"నా పెళ్ళి పిన్నీ!"

"చేసుకో, ఎవరొద్దన్నారు? గోడ ముట్టుకోకు."

పున్నయ్య ఒక చెంప గీసిన పెద్దమనిషిని చూపించాడు. "ఈయన రెండో చెంప ఎక్కడ గియ్యమంటావు బాబూ?"

మంగళవారానికి పోస్టుమాను 'రోమన్ కోట వెనక వీధి'కి ఉత్తరం కూడా తెచ్చాడు. తన కోటకు వెనక వీధి ఉందని సీమోనుకు అప్పుడే తెలిసింది.

గురువారం పెళ్ళివారి బండ్లు కోటకే వచ్చాయి. మాస్టారు లోపలికొచ్చి చుట్టూ చూశారు. నాలుగు వైపులా గోడ, నెత్తిన ఎండ.

"పందిరేదోయ్?"

"ఉందండీ. నిలువుగా ఉందండీ."

"బండి తిప్పండి!"

పెళ్ళికూతురు ఎస్తేరు మాత్రం దిగి, గోడను తట్టి చూసింది. "పీకటమెందుకు నాన్నగారూ? కాసేపు పైకెత్తి పట్టుకోమనండి."

"ఎంతసేపమ్మా?" అంది సంతోషమ్మ.

"ప్రార్థన అయ్యేదాకా అత్తయ్యా."

సంతోషమ్మ టీగిన్నె దించింది. పున్నయ్య, గంగాదేవి, సోమవారం నుంచీ సగం గడ్డంతో ఉన్న ఆ పెద్దమనిషి, ముగ్గురు రోమన్ సైనికులు, అందరూ తడకలు నెత్తికెత్తుకున్నారు. మాస్టారు నీడలోకి జరిగి, "పందిరి బాగానే ఉందోయ్. కాస్త తుమ్ముతోంది" అన్నారు.

గుంజల చేతులు వణకటం చూసి పాస్టరుగారు అయిదు నిమిషాల్లో ముగించారు. ఆమెన్ అనగానే కోట మళ్ళీ లేచింది, టీ మరిగింది.

ఇందులో కోట నిజం, తుమ్మూ నిజం. నేను కల్పించింది ఆ అయిదు నిమిషాలే. అసలు పట్టింది గంటంబావు.