రెండుసార్లు చదివిన వాక్యం

సూర్యకళ నాచారంలో ఒక మందుల పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. అక్కడ డబ్బు కోసం మాత్రలు మింగి పరీక్షలకు రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్లకు నియమాలు చదివి వినిపించి, కెమెరా ముందు సంతకాలు తీసుకోవడం ఆమె ఉద్యోగం. ఎనిమిదేళ్లలో ఆమె ఫైళ్లలో ఎవరూ ఒక్క తప్పు పట్టలేదు.

ఉప్పలయ్య మల్లాపూర్‌లో రేకులు నొక్కే మిషన్ మీద పనివాడు. రెండు రోజులు కేంద్రంలో ఉండి పద్దెనిమిదిసార్లు రక్తమిచ్చాడు. ఇంటికి పంపేముందు సూర్యకళ అతనికి చివరి కాగితం చదివింది. తల తిరగవచ్చని, రెండు రోజులు శ్రమతో కూడిన పనులు మానుకోవడం మంచిదని అందులో ఉంది.

"రేపు డ్యూటీకి పోతే ఏమన్నయితదా మేడం?" అని అడిగాడతను.

కాగితంలో లేని మాట చెప్పకూడదన్నది అక్కడి రూలు. ఆమె అదే వాక్యం మళ్లీ చదివింది. అతను పనికి పోతాడని ముఖం చూస్తేనే తెలిసిపోయింది. బయట ఇంకా పదకొండుమంది కూర్చుని ఉన్నారు. సంతకం పెట్టించుకుని పంపేసింది.

మర్నాడు మిషన్ దగ్గర ఉప్పలయ్యకు కళ్లు తిరిగాయి. కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

విచారణ కమిటీ వీడియో చూసింది. జాగ్రత్తలు రెండుసార్లు చెప్పారు కాబట్టి కేంద్రం తప్పేమీ లేదని తేల్చింది. రెండోసారి చదవడం మంచిపనైందని మేనేజర్ చిదంబరం మెచ్చుకున్నాడు.

ఆదివారం మల్లాపూర్ వెళ్లింది. ఉప్పలయ్య కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, మీరు చెప్పిన్రు, నేనే ఇనలేదని ఆమెనే ఓదార్చాడు. అతని భార్య మల్లవ్వ మాత్రం చాయ్ గ్లాసు అందించి నెమ్మదిగా అంది.

"సదివినవ్ బిడ్డా, కాదంటలేను. నీ సొంత అన్న అడిగితే గూడ గట్లనే సదువుదువా?"



ఉప్పలయ్య పనికి పోతాడని తనకు ముందే తెలుసని సూర్యకళ కమిటీకి ఉత్తరం రాసింది. మనసులో అనుకున్నవాటిని విచారించలేమని జవాబు వచ్చింది. ఇప్పుడు ఆమె కాగితం చదవడం అయ్యాక, "రేపు పనికి వెళ్లకు అన్నా" అని కెమెరా ముందే చెబుతోంది. అందుకు రెండు మెమోలు అందుకుంది.

ఉప్పలయ్య ఉప్పల్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. ఒకసారి బస్సులోంచి కనిపించాడు, ఎడమచేత్తో గేటు తీస్తూ. దిగి పలకరిద్దామనుకుంది. ఏమని పలకరించాలో తోచలేదు. బస్సు కదిలింది.