రింగు ఎక్కించేటప్పుడు అన్న మాట

పొద్దున్నే షట్టరెత్తి, బల్ల తుడిచి, పెట్రోల్లో నానేసిన సామాన్లన్నీ పాత తువ్వాలు మీద ఆరబెట్టాకే మెకానిక్ అక్క పొయ్యి మీద టీ నీళ్లు పెట్టేది. చిన్న ఇంజన్లు బాగుచేయడం ఆవిడ పని. గడ్డి కోసేవి, మందు కొట్టేవి, నీళ్లు తోడేవి, ఒళ్లో పట్టేంతవి ఏవైనా సరే. చేతిలోకి తీసుకుని, ప్లగ్గు విప్పిన కన్నం మీద వేలు పెట్టి, తాడు ఒక్కసారి లాగి చూసి, "దమ్ము లేదు దీనికి, లోపల రింగు పోయింది" అని తేల్చేసేది. ఆవిడ అలా అన్నాక ఇంకొకరికి చూపించే పనే ఉండేది కాదు.

పిస్టన్ చుట్టూ సన్నటి ఇనప రింగు ఒకటుంటుంది. అది సిలిండర్ గోడని గట్టిగా ఒరుసుకుని ఉంటేనే లోపలి గాలి పక్కలనుంచి జారిపోకుండా నొక్కుకుంటుంది. దాన్నే కంప్రెషన్ అంటారు. అది లేకపోతే ఎంత పెట్రోల్ తాగించినా ఇంజన్ నాలుగుసార్లు దగ్గి ఊరుకుంటుంది.

కొత్త రింగు ఎక్కించే రోజు మాత్రం షాపు ముందు ఎర్రగుడ్డ వేలాడేది. అది కనపడగానే వీధి వీధంతా గప్‌చుప్. కూరగాయల బండాయన కేకని సగంలోనే మింగేసేవాడు. పసిపిల్లల తల్లులు పిల్లల్ని ఎత్తుకుని లోపలికెళ్లిపోయేవారు. ఎందుకంటే రింగు సిలిండర్లోకి దిగే క్షణంలో పక్కన ఎవరేమన్నా ఆ మాట గాలితోపాటు లోపలే ఉండిపోతుంది. ఇంజన్ పూర్తి వేగం అందుకున్నప్పుడల్లా, అన్నవాళ్ల గొంతుతోనే, మళ్లీ బయటికొస్తుంది. బడి తోటలో గడ్డి కోసే యంత్రం ఇప్పటికీ "టీ చల్లారిపోతోందమ్మా" అంటూ మైదానమంతా తిరుగుతుంటుంది. అది పక్కింటి ముసలాయన చలవ. మొక్కలమ్మే వాళ్ల మందు పంపైతే తుమ్ముతుంది. అలవాటైపోయి ఎవరూ పట్టించుకోరు గానీ, అక్కకి మాత్రం అవి గుర్తొస్తే తలకొట్టేసినట్టుండేది.

ఇక కళ్లద్దాలాయన సంగతి. వీధి చివర కళ్లజోళ్ల షాపు ఆయనది. యాభై దాటాయి. పెళ్లి ఊసెత్తేవాళ్లు కూడా అలిసిపోయి మానేశారు. ఆదివారం వస్తే మూతబడ్డ మిల్లు వెనక మైదానంలో పెట్రోల్‌తో నడిచే బొమ్మ విమానం ఎగరేసేవాడు. దాన్ని బొమ్మ అంటే ఆయనకి కోపం. రెక్క కొస నుంచి కొసకి మనిషి నిలువంత ఉంటుంది మరి. ఆ ఒక్క విషయంలో తప్ప ఆయనకి కోపం వచ్చిందని విన్నవాళ్లు లేరు, అంత మొహమాటస్తుడు.

ఆ విమానం ఇంజన్ ఆకాశంలో ఉన్నదానికంటే అక్క బల్ల మీద ఉన్నదే ఎక్కువ. కారణం నూనె. ఇలాంటి ఇంజన్లకి పెట్రోల్లోనే కాస్త నూనె కలపాలి. ఆయన కలపాల్సినదానికి రెట్టింపు కలిపేవాడు. ఆ నూనంతా మసై, రింగు కూర్చునే గాడిలో గడ్డకట్టి, రింగు అందులో బిగుసుకుపోయి, కంప్రెషన్ కాస్తా పోయేది.

"నూనె ఇంజన్‌కి పోస్తున్నారా, తలకి పట్టిస్తున్నారా?" అని అక్క దులిపేసేది.

"ఈసారి జాగ్రత్తగా ఉంటానండీ," అనేవాడు తలొంచుకుని.

ఉండేవాడు కాదు. నెల తిరిగేలోపే మళ్లీ ఇంజన్ చంకలో పెట్టుకుని వచ్చేవాడు. అక్కేమీ తక్కువ తినలేదు. డబ్బానిండా స్క్రూడ్రైవర్లున్న మనిషి, కళ్లజోడు మర వదులైందంటూ అస్తమానం ఆయన షాపుకెళ్లి కూర్చునేది. ఆయనా అదేదో మహా కష్టమైన పనైనట్టు తీరిగ్గా బిగించి ఇచ్చేవాడు. ఏళ్ల తరబడి ఆ ఇద్దరి మధ్యా నడిచిన మాటలన్నీ నూనె గురించీ, మరల గురించే. సంగతి వీధిలో అందరికీ అర్థమైంది. వాళ్లిద్దరికీ కూడా అర్థమైంది. పైకి అనడమొక్కటే తరువాయి. దానికి మాత్రం ఇద్దరికీ ధైర్యం చాల్లేదు.

ఇంతలో తమ్ముడు వచ్చాడు. అమ్మానాన్నా పోయాక అక్కే పెంచిన తమ్ముడు. ఇప్పుడు వేరే ఊళ్లో సొంతిల్లు కట్టుకున్నాడు.

"తాళ్లు లాగి లాగి భుజం పాడుచేసుకున్నావు. మందు రాసే దిక్కు కూడా లేదు నీకు. ఇంక చాలక్కా, వచ్చెయ్. మేడ మీద గదికి నీకోసం రంగులేయించాం. నీ మరదలు కిటికీలకి పరదాలు కూడా కుట్టింది," అన్నాడు.

వాడు ఏదడిగినా కాదనే అలవాటు అక్కకి లేదు. ఇప్పుడు కొత్తగా ఎక్కడినుంచి వస్తుంది? "సరేలేరా," అంది. వచ్చే నెల మొదటి ఆదివారం లారీ మాట్లాడేశాడు. షాపు ఖాళీ చేస్తున్నట్టు సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోయింది.

లారీ వచ్చే ముందు ఆదివారం మైదానంలో కళ్లద్దాలాయన విమానం మూడు చుట్లు తిరిగి, కీచుమని అరిచి, గాల్లోనే ఆగిపోయింది. ఎలాగో తూలుకుంటూ గడ్డిలో దిగింది. ఆయన స్నేహితుడు బేకరీ ఆయన వెళ్లి తెచ్చి, చల్లారాక ముందున్న ఫ్యాన్‌ని వేలితో తోశాడు. అది ఏ అడ్డూ లేకుండా గిరగిరా తిరిగింది. "ఒరేయ్, దీని పని అయిపోయిందిరా," అన్నాడు.

మర్నాడు అక్క బల్ల ముందు నిలబడ్డాడు కళ్లద్దాలాయన. చుట్టూ సగం సర్దిన అట్టపెట్టెలు.

"నూనె ఎక్కువైంది, అంతేగా," అంటూ అక్క సిలిండర్ విప్పింది. విప్పి, వెలుగులోకి తిప్పి చూసింది. లోపల మసి ఇంత కూడా లేదు. పిస్టన్ పక్కలంతా నిలువునా గీతలు. అరిగిన అల్యూమినియం కరిగి సిలిండర్ గోడకి అంటుకుపోయింది.

"అసలు నూనే కలపలేదా?"

"మర్చిపోయానండీ."

"ఎలా మర్చిపోయారు?"

ఆయన అట్టపెట్టెల వైపు చూశాడు. రెట్టింపు పోసే మనిషి అసలు పోయడమే మర్చిపోయాడంటే, ఆ రోజు ఆయన మనసు మనసులో లేదు. ఇన్నేళ్లలో ఆయన చెప్పుకోలేని మాటంతా ఆ గీతల్లో అక్కకి కనపడింది. "శుక్రవారం రండి," అని మాత్రం అనగలిగింది.

ఆ పనిని ఆవిడ ముద్దుగా చేసింది. పుల్లకి దూది చుట్టి, యాసిడ్‌లో ముంచి, గోడకంటుకున్న అల్యూమినియం మీద మాత్రమే అద్దింది. అది బుసబుసా పొంగి వదిలిపోయాక సబ్బునీళ్లతో కడిగింది. పిస్టన్ మీద ఎత్తుగా లేచిన గీతల్ని సన్నటి ఎమరీ కాగితంతో నెమ్మదిగా రుద్దింది. పాత రింగు విరిచి, ఆ ముక్కతోనే గాడి మూలలు గీకి శుభ్రం చేసింది. కొత్త రింగుని ముందు ఖాళీ సిలిండర్లో పెట్టి, దాని రెండు కొసల మధ్య సందు చూసి, కొసల్ని ఆకురాయితో ఇంకాస్త అరగదీసి, మళ్లీ చూసింది. అన్నీ కుదిరాక గుమ్మానికి ఎర్రగుడ్డ కట్టింది.

వీధి నిశ్శబ్దమైపోయింది. అక్క రింగుని పిస్టన్ మీదికి ఎక్కించి, నూనె రాసి, రెండు వేళ్లతో అదిమిపట్టి సిలిండర్ని పైనుంచి దించసాగింది. ఇక ఈ బల్ల మీద ఇదే ఆఖరి రింగు అనుకుంది. అనుకున్నది అక్కడితో ఆగలేదు.

"నాకు వెళ్లాలని లేదు. ఈ మనిషిని ఎవరికి అప్పజెప్పి వెళ్లను?"

పైకే అనేసింది. రింగు లోపలికి జారిపోయింది.

అక్క చేతులు ఆగిపోయాయి. సిలిండర్ పైకి లాగి, రింగు తీసి, మళ్లీ ఎక్కిస్తే ఆ మాట పోతుంది. ఎంతసేపు పని? చాలాసేపు అలాగే చూస్తూ కూర్చుంది. తర్వాత అతుకులో గాలి పోకుండా ఉండే గాస్కెట్ సర్ది, బోల్టులు నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి బిగించేసింది. ఫ్యాన్ తిప్పబోతే అది వేలిని వెనక్కి తోసింది. ఫ్యాన్ పట్టుకుని పైకెత్తితే ఇంజన్ బరువుకి కూడా తిరగకుండా అలాగే వేలాడింది.

శుక్రవారం ఇంజన్ ఇస్తూ ఎప్పుడూ చెప్పేదే చెప్పింది. "కొత్త రింగు గోడకి అలవాటు పడాలి. కొన్ని ట్యాంకుల పెట్రోల్ అయ్యేదాకా నెమ్మదిగానే నడపండి. ఫుల్ థ్రాటిల్ ఇచ్చి పూర్తి వేగం అందుకోనివ్వకండి."

"అలాగేనండీ. నెల్లాళ్లు నెమ్మదిగానే నడుపుతాను."

"అన్నాళ్లు అక్కర్లేదు."

"లేదండీ. ఇంకోసారి పాడైతే చూడ్డానికి మీరుండరుగా. మీరు చెప్పినట్టే చేస్తాను."

ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మాట వినని మనిషికి ఇప్పుడా బుద్ధొచ్చింది! అక్కకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తొందరగా ఫుల్ ఇవ్వండి అని ఏ నోటితో చెబుతుంది?

ఆదివారం లారీ వచ్చి వీధిలో నిలబడింది. తమ్ముడు పెట్టెలు ఒక్కొక్కటే ఎక్కిస్తున్నాడు. అక్క ఖాళీ షాపు ఊడుస్తోంది. మిల్లు వెనకనుంచి విమానం చప్పుడు నెమ్మదిగా వినపడుతూనే ఉంది. లారీ వెళ్లడం చూడలేక కళ్లద్దాలాయన మైదానంలోకి పారిపోయాడు.

ఆయన విమానాన్ని సగం వేగంతో, పసిపిల్లని నడిపించినట్టు తిప్పుతున్నాడు. ఉన్నట్టుండి పెద్ద గాలి లేచింది. విమానం పక్కకి కొట్టుకుపోయి తిన్నగా మిల్లు గోడ మీదికి పోసాగింది.

"ఫుల్ ఇవ్వరా!" అని అరిచాడు బేకరీ ఆయన.

"ఆవిడ వద్దంది."

"గోడకి కొట్టుకుంటే ఇక ఆవిడేం చేస్తుందిరా? ఇవ్వు!"

కళ్లద్దాలాయన కళ్లు మూసుకుని థ్రాటిల్ చివరిదాకా తోశాడు. కొత్త రింగు గాలిని గట్టిగా నొక్కి పట్టింది. విమానం ముక్కు పైకెత్తి, గోడ మీదుగా దూసుకెళ్లి, వీధి పైకొచ్చింది. "నాకు వెళ్లాలని లేదు," అంది అక్క గొంతుతో. "ఈ మనిషిని ఎవరికి అప్పజెప్పి వెళ్లను?"

వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. తమ్ముడు చేతిలో పెట్టె పట్టుకునే నిలబడిపోయాడు. విమానం చుట్టు తిరిగొచ్చి మళ్లీ అంది. తమ్ముడు పెట్టె కింద పెట్టాడు.

"ముందే చెప్పొచ్చుగా అక్కా."

"పరదాలు కూడా కుట్టించావు కదరా."

"పరదాలదేముంది? సెలవులకి వచ్చినప్పుడు చూద్దువుగాని," అన్నాడు తమ్ముడు. మొహం కాస్త చిన్నబోయింది గానీ, వెళ్లి లారీలోని పెట్టెలు దించడం మొదలుపెట్టాడు.

అప్పుడొచ్చాడు కళ్లద్దాలాయన, రిమోట్ రెండు చేతుల్లో పట్టుకుని, తల పైకెత్తి ఆకాశాన్నే చూస్తూ. కాలవలో పడకుండా బేకరీ ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. షాపు ముందు నిలబెట్టి తను తప్పుకున్నాడు.

"ఎవరికీ అప్పజెప్పకండి," అన్నాడు కళ్లద్దాలాయన, చూపు విమానం మీంచి తిప్పకుండా. "మీరే ఉంచుకోండి. నూనె నేను కావాలనే ఎక్కువ పోసేవాణ్ని."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"రెండోసారి మసి గీకినప్పటినుంచి." అక్క చీపురు గోడకి ఆనించి దగ్గరికొచ్చింది. "ఇంత మాట ఆకాశానికి చెబుతారేంటి? నావైపు చూసి చెప్పండి."

"చూస్తే విమానం పడిపోతుందండీ."

"పడనివ్వండి. బాగుచేయడానికి నేనుంటున్నాగా."

ఆయన తల దించి ఆవిడ వైపు చూశాడు.