బట్టలు ఆరేదాకా

సాయంత్రం ఇంటికి రాగానే చేతులకంటిన అద్దాల పొడి కడుక్కుని, కుర్చీలో కూలబడి, పాత థ్రిల్లర్ ఒకటి పెట్టుకోవడం అతని అలవాటు. సినిమా మొదలైన కాసేపటికి తెర కింది అంచు నుంచి పొగమంచు వదలడం ఆ టీవీ అలవాటు. నలుపు తెలుపు సినిమా అయితే మరీను. మంచు ముందు కాళ్ళ దగ్గర పాకేది, తర్వాత బల్ల ఎక్కేది, ఆపైన తీరిగ్గా వంటింట్లోకి నడిచేది. భార్య ఆ వేళకి ఉప్పు డబ్బా, అగ్గిపెట్టె పై అరలోకి ఎక్కించేసేది.

మంచు మరీ ముదిరిన రోజున కింది వాటా దర్జీ కర్రతో పైకప్పు పొడిచేవాడు.

"క్లైమాక్స్ గారూ! కాస్త తగ్గించుకోండి సార్, సూదిలో దారం ఎక్కట్లేదు!"

"అయిపోవచ్చిందండీ! హంతకుడు వాళ్ళ డాక్టరే!"

ఆ పేరు ఊరికే రాలేదు. ఏ కథైనా సగంలోనే దాని చివర బయటికి చెప్పేయడం అతని జబ్బు. అతను క్యూలో కనిపిస్తే టికెట్లిచ్చే అమ్మాయి, "మీకు పక్క థియేటర్లో బావుంటుంది సార్" అనేది. పక్క థియేటర్ అమ్మాయి కూడా అదే అనేది. పగలంతా కళ్ళద్దాల షాపులో అద్దాలు సానపట్టి ఫ్రేముల్లో బిగిస్తాడు కాబట్టి, లోకంలో తనకి కనపడనిదేదీ లేదని అతని నమ్మకం. తన కళ్ళజోడుకి ఒక పక్క స్క్రూ ఊడిపోయి, దారంతో కట్టి ఉండేదన్నది వేరే సంగతి.

సెల్‌ఫోన్లు అమ్మే బావమరిది అప్పుడప్పుడూ కొత్త థ్రిల్లర్లు పట్టుకొచ్చేవాడు. వాటికి మంచు వచ్చేది కాదు. తెర ఆపరేషన్ గదిలా తేటగా ఉండేది. మొహాల మీద చెమట బొట్టు బొట్టుగా కనపడేది గానీ, చూసేవాడికి మాత్రం పట్టేది కాదు.

"బావా, ఇది చూడు. హంతకుడెవరో మొదటి సీన్లోనే చెప్పేస్తాడు."

"మరి మిగతా సినిమా అంతా ఏం చేస్తాడ్రా?"

"వాడి చిన్నతనం చూపిస్తాడు."

"మా కాలంలో హంతకులకి చిన్నతనం ఉండేది కాదు. టోపీ ఉండేది."

"మీ కాలంలో పోలీసులు అంతా అయిపోయాక వచ్చి చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. ఇప్పుడలా కాదు. ఇన్‌స్పెక్టరుకీ బాధలుంటాయి, నిద్ర పట్టదు, మాత్రలు మింగుతాడు."

"అలిసిపోయిన మొహం చూడ్డానికి డబ్బు పోసి సినిమా దేనికిరా? అద్దం ఉందిగా ఇంట్లో."

పాత సినిమాల్లో భయం తెర బయట ఉండేదని అతని వాదన. మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడేది, కాళ్ళు కనపడేవి కావు. ఫోను మోగేది, ఎత్తితే అవతల ఊపిరి తప్ప మాట ఉండేది కాదు. అయితే నిజం చెప్పాలంటే ఆ సినిమాలు కూడా అతన్ని భయపెట్టడం ఎప్పుడో మానేశాయి. అన్నీ తెలిసినవే. తెలిసినవి చూస్తూ, తెలుసని చెప్పుకుంటూ, కుర్చీలో కునుకుతూ అలా రోజులు వెళ్ళదీస్తున్నాడు.

భార్యది పెద్ద లాండ్రీలో ఇస్త్రీ పని. పగలంతా ఆవిరి, సాయంత్రం మంచు. ఇంటికొచ్చి ఏదో చెప్పబోయేది.

"ఇవాళ పనిలో..."

"నడుం నొప్పి. తెలుసులే."

"అది కాదండీ, మా..."

"సూపర్‌వైజరు మళ్ళీ ఏదో కూసుంటాడు. వదిలెయ్."

ఆవిడ వదిలేసేది. లేచి ఉప్పు డబ్బా పైకెత్తేది.

అంతటి అపరాధ పరిశోధకుడికీ, అటక మీది పెట్టె కిందికి దిగిన సంగతి పట్టలేదు. మందుల డబ్బా సగమైన సంగతీ, అలమరాలో తన చొక్కాలు హఠాత్తుగా విశాలంగా సర్దుకున్న సంగతీ పట్టలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం బావమరిది కారేసుకుని వస్తే, ఇంకో కొత్త సినిమా తెచ్చాడనుకున్నాడు. అప్పటికే తెర మీద ఓడరేవు సీను నడుస్తోంది. పాత సినిమాల్లో అంతకంటే చిక్కటి మంచు ఉండదు.

"అక్కని తీసుకెళ్దామని వచ్చాను బావా."

"నాలుగు రోజులుండి రానీ, దానికేం."

"నాలుగు రోజులకి కాదండీ," అంది భార్య, తెరిచిన పెట్టెలో తువ్వాలు పెడుతూ. "వాడుండే చోట నాకు పని చూశాడు. ఇంక అక్కడే ఉంటాను."

ఈ మలుపు అతను ఊహించలేదు.

"ఎందుకు?"

"ఎందుకంటే, ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో నేను ఒక్క మాట కూడా..."

"పూర్తి చెయ్యలేదంటావు. అంతేగా?"

బావమరిది నుదురు కొట్టుకున్నాడు. ఆ చప్పుడైతే వినపడింది గానీ, మనిషి కనపడలేదు. మంచు అప్పటికే భుజాల దాకా వచ్చేసింది. టీవీ ఆపాలని అతను చెయ్యి చాపితే రిమోటు బదులు దర్జీ కుట్టిచ్చిన దిండు గలీబు చేతికొచ్చింది. బావమరిది కారు తాళం కింద పడేసుకుని, నేలంతా తడుముతూ బల్లకి తల కొట్టుకున్నాడు.

తెర మీద ఓడ వెళ్ళిపోయింది. సీను మారింది. మంచు కాస్త విడేసరికి భార్య పెట్టెలో చెయ్యి పెట్టి చూస్తోంది.

"అన్నీ చెమ్మగిల్లాయి," అంది.

"పర్లేదక్కా, అక్కడికెళ్ళి ఆరేసుకోవచ్చు."

"చెమ్మ బట్టలు పెట్టెలో పెట్టి మూస్తార్రా ఎవరైనా? ముక్క వాసనొస్తాయి. నా చేతుల్లోంచి అలాంటి బట్ట ఇంతవరకూ బయటికి పోలేదు. నువ్వెళ్ళు. ఆరాక ఫోను చేస్తా."

హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి తీగ కట్టి, పెట్టెలో బట్టలన్నీ ఆరేసింది.

మర్నాడు సాయంత్రం అతను కుర్చీలో కూర్చుని చాలాసేపు రిమోటు తిప్పుతూ ఉండిపోయాడు. ఏదో ఒక పాత సినిమా పెడితే చాలు, ఆ బట్టలు జన్మలో ఆరవు. ఆ సంగతి అతనికి తెలుసు. అది ఆవిడకీ తెలుసు. అతను బావమరిది ఇచ్చిపోయిన కొత్త సినిమా పెట్టాడు. హంతకుడు చిన్నప్పుడు ఒంటరిగా బంతాట ఆడుకున్నాడు. గది పొడిగా ఉంది. బట్టలు సుబ్బరంగా ఆరుతున్నాయి.

"ఇవాళ పనిలో..." అంది ఆవిడ.

అతను గభాల్న దగ్గు బిళ్ళ నోట్లో వేసుకున్నాడు.

ఆవిడ ఆగింది. అలవాటు కొద్దీ ఆగింది. అవతలి నుంచి ఏమీ రాకపోయేసరికి ఆవిడకే తడబాటుగా ఉంది. "పనిలో... ఎవరిదో కోటు వచ్చింది. ఎంత మంచి గుడ్డనుకున్నారు! చేత్తో నిమురుతూ నిలబడిపోయాను. అంతే. పెద్ద సంగతేం కాదు."

నడుం నొప్పి కాదు, సూపర్‌వైజరు కాదు. కోటు. అతనికి వెన్నులో సన్నగా వణుకొచ్చింది. ఏ సినిమాకీ ఇలా వచ్చి చాలా ఏళ్ళయింది.

తర్వాతి సాయంత్రాలూ అలాగే గడిచాయి. కొత్త సినిమా, దగ్గు బిళ్ళ, ఆవిడ మాట. ఒకరోజు తెర వైపు చూస్తూనే అంది: "మీ పాత సినిమాల్లో హంతకుడెవరో నాకు మొదటి పాటకే తెలిసిపోయేది. ఊరికే కళ్ళజోడు తుడుచుకుంటుంటాడే, వాడే."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"మీరు చెప్పనిస్తేగా."

అతను ఇంకో బిళ్ళ వేసుకున్నాడు.

బట్టలు ఆరిపోయాయి. ఆవిడ ఒక్కొక్కటీ పట్టి చూసి, వాసన చూసి, తీగ మీదే ఉంచింది. తమ్ముడికి ఫోను చేసింది. పొద్దున్నే వస్తానన్నాడు.

ఆ సాయంత్రం కూడా అతను కొత్త సినిమాయే పెట్టాడు. అంతకంటే చేతనైంది ఏమీ కనపడలేదు. ఇన్‌స్పెక్టరు మాత్ర మింగాడు. ఆవిడ కాసేపు చూసింది. లేచి వచ్చి, అతని ఒళ్ళోంచి రిమోటు తీసుకుని, వెతికి వెతికి పాతది ఒకటి పెట్టింది. టోపీ పెట్టుకున్నవాడెవడో వీధి దీపం కింద నిలబడ్డాడు. తెర అంచు నుంచి మంచు సన్నగా జారింది, కుర్చీ కాళ్ళు దాటింది, తీగ వైపు నడిచింది.

అతను దాన్నే చూస్తున్నాడు. "బట్టలు..." అన్నాడు.

"తడుస్తాయి. తెలుసులెండి."

వంటింట్లోకెళ్ళి ఉప్పు డబ్బా పై అరలోకి ఎక్కించి వచ్చి, పక్క కుర్చీలో కూర్చుంది. తెర మీద ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఇద్దరూ చూశారు. ఇద్దరూ ఏమీ అనలేదు.