పెట్టమన్నవాడు

కర్నూలు రాజధాని అయిన కొత్తలో, అక్కడి శెనక్కాయల మిల్లు ఇంజన్ డ్రైవరు సుంకన్నకు యంత్రాల పిచ్చి పట్టింది. డ్రైవరుకు అది పట్టక ఇంకేం పడుతుంది అంటారా? ఇతనికి పట్టింది ఇంకా పుట్టని యంత్రం పిచ్చి. మనిషిలాగా ఆలోచించి జవాబు చెప్పే యంత్రం కోసం బెంగుళూరులో కొందరు తంటాలు పడుతున్నారట. లెక్కలొచ్చిన మెకానిక్కులను పరీక్ష పెట్టి తీసుకుంటారట. కాలేజీలో లెక్కలు చెప్పే ప్రకాశం సారు ఈ మాట చెవిన వేసినప్పటి నుంచీ సుంకన్నకు తిండి సయించలేదు.

పొద్దస్తమానం ఇంజను దగ్గర డ్యూటీ. సాయంత్రం చేతుల నూనె కడుక్కుని సారు ఇంటికి చదువుకు పోతే రెండో లెక్కకే కునుకు. ఉద్యోగం మానేస్తే పొయ్యిలో పిల్లి లేవదు. భార్య ఈరక్క రోజూ ఒకటే పాట: "ఉండే యంత్రం కూడు పెడతాంటే లేని యంత్రం ఎనకాల పోతాండావేమయ్యా!"

పరీక్ష దగ్గరపడేసరికి పాపం, డ్యూటీలోనే లెక్కలు మొదలుపెట్టాడు, ఇంజను పక్కన బండ మీద సుద్దముక్కతో.

ఆ మిల్లులో ఒక పద్ధతి ఉంది. కాయ ఒలిచే మిషనులో పొట్టు ఇరుక్కుని అది ఆగిపోతే, దగ్గరున్న ఆడమనిషి గోడ అవతలి నుంచి "చెయ్యి పెడతాండా!" అని కేక వేస్తుంది. డ్రైవరు ఇంజను నుంచి మిషనును తిప్పే తోలు పట్టా తప్పించి "పెట్టు!" అని అరుస్తాడు. పట్టా తప్పించాడో లేదో ఆమెకు కనబడదు. ఆ ఒక్క మాట మీదే చెయ్యి లోపలికి పోతుంది.

ఆ రోజు ఒలిచే మిషను దగ్గరున్న గిడ్డమ్మ కేక వేసింది. బండ మీద లెక్క అప్పుడప్పుడే చిక్కు విడుతోంది. సుంకన్న తల ఎత్తలేదు, లేవలేదు. నోరు మాత్రం దానంతటదే "పెట్టు!" అంది.

పొట్టు లాగీ లాగగానే, పట్టా తప్పించని మిషను గిర్రున తిరిగింది. గిడ్డమ్మ కుడిచేతి వేళ్లు పోయాయి.

"మిషన్లన్నాక అయితాంటాయిలే" అని మిల్లు సావుకారు తేల్చేశాడు. సుంకన్నను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అతను మాత్రం తనకు తానే శిక్ష వేసుకుని, అది చెప్పడానికి ఆస్పత్రికి పోయాడు.

గిడ్డమ్మ కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అతను ఆమె ముందు కూలబడ్డాడు.

"తప్పు నాదేక్కా. పట్టా తియ్యకుండానే పెట్టమంటి. నా మనసు లెక్క మీద ఉన్నింది. ఇంగ నేను బెంగుళూరు పోను. బతికినన్నాళ్లూ ఆ ఇంజను కాడనే పడుంటా."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననీ అనుకున్నాడు. గిడ్డమ్మ తిట్టలేదు.

"పో అప్పా," అంది. "రేపే పో. నీ మనసు ఈడ లేదు. నా తావున ఇంగ మా చెల్లెలు నిలబడతాది. నువ్వు ఆ ఇంజను కాడ ఉంటే, దాన్ని నేనేమని చెప్పి పంపేది?"

పొమ్మని ఒక్కరైనా అనాలని ఇన్నాళ్లూ తపించిపోయిన సుంకన్న, ఆ మాట విని లేవలేక అక్కడే కూర్చుండిపోయాడు.