బొట్టు కన్నా చిన్న టర్బైన్

మా బాపు ఆగయ్య రామగుండం కరెంటు ప్లాంటులో టర్బైన్ ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఏ యంత్రమైనా సరే, తిరిగే ముందు దానికి కుంకుమబొట్టు పెట్టాల్సిందే అంటాడు.

హైదరాబాద్ ల్యాబ్‌లో నేను చేసిన టర్బైన్‌ను ఆయనకు చూపించాలని ఇంటికి తెచ్చాను. కంప్యూటర్ చిప్‌లాగే సిలికాన్ పలక మీద చెక్కింది, చొక్కా గుండీ అంత కూడా ఉండదు. దానికి గాలి సిలిండరు బిగించి అద్దం మూత తీశానో లేదో, బాపు కుంకుమ అద్దిన వేలితో వంగాడు.

"ఆగు బాపూ!" అని అరిచాను. రెండేళ్ల చాకిరీ ఒక్క వేలితో పోయేది! "ఒక్క రేణువు పడ్డా దానికి బండరాయే. నీ బొట్టు కింద మొత్తం మునిగిపోతది."

వేలు గాల్లోనే ఆగింది. క్రేన్లతో రోటర్లు ఎత్తించిన మనిషి, తన ఊపిరి తగులుతుందేమోనని నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. నా కోపం అక్కడే చల్లారింది.

మూత పెట్టి గాలి వదిలాను. దానికి తగిలించిన చిన్న బల్బు వెలిగింది.

బాపు అరచేయి బల్లకు ఆనించాడు. ప్లాంటులో టర్బైన్ తిరిగితే కాళ్ల కింద నేల అదిరేది. ఇక్కడ బల్ల కదలనైనా లేదు.

"తిరుగుతాందా, బిడ్డా?"

"నిమిషానికి లక్షల సార్లు."

"మాది మూడు వేలే," అన్నాడు, గుళ్లో మాట్లాడినంత మెల్లగా.

చాలాసేపు ఆ వెలుగునే చూశాడు. తర్వాత వేలి మీది కుంకుమ గుర్తొచ్చి, దాన్ని నా నొసట పెట్టాడు.

"ఇగ మల్లొకసారి తిప్పు," అన్నాడు. "ఇందాక బొట్టు పెట్టకుండనే తిప్పినవ్."